ద్వంద్వ బూట్ ల్యాప్‌టాపులో బ్లూటూత్ మౌసు అనుసంధానం

ఒకే ల్యాప్‌టాపులో లినక్సు, విండోస్ అనే రెండు ఆపరేటింగు సిస్టములను ఇన్‌స్టాలు చేసుకొన్నవారికి బ్లూటూత్ మౌసు విషయంలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. విండోస్‌లో చక్కగా పనిచేసిన మౌసు లినక్సులోకి రాగానే అనుసంధానం కాదు. లినక్సులో మళ్ళీ జతపరిస్తే పనిచేస్తుంది గాని, ఈసారి విండోస్‌లో పనిచేయదు. మౌసు గాని, ల్యాప్‌టాపు గాని చెడిపోవడం దీనికి కారణం కాదు. రెండు ఆపరేటింగు సిస్టములు ఒకే బ్లూటూత్ చిరునామాతో మౌసుకు కనబడుతూ, వేరు వేరు రహస్య కీలను దాచుకోవడమే దీనికి కారణం. ఈ విషయం తెలిస్తే సమస్యను శాశ్వతంగా పరిష్కరించుకోవచ్చును.

ఈ వ్యాసంలో ఆదేశాలు, ఫైళ్ళ పేర్లు ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇవ్వబడినవి. టెర్మినల్‌లో వాటిని రోమను లిపిలో టైపు చేయవలెను.

నేపథ్యం

బ్లూటూత్ అనేది తక్కువ దూరంలో ఉన్న పరికరాల మధ్య తీగలు లేకుండా సమాచారాన్ని చేరవేసే రేడియో విధానం. స్వీడన్ దేశపు ఎరిక్‌సన్ సంస్థలో 1994లో దీనిపై పని మొదలైనది. 1998లో ఎరిక్‌సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా సంస్థలు కలిసి దీని ప్రమాణాలను రూపొందించే బృందాన్ని ఏర్పరచాయి. 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ బ్లాటాన్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది.

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య శ్రేణిలో పనిచేస్తుంది. ఇందులో రెండు రకాలున్నవి. మొదటి నుండి ఉన్నదానిని క్లాసిక్ బ్లూటూత్ అంటారు. 2010లో వెలువడిన 4.0 ప్రమాణంతో వచ్చినది లో ఎనర్జీ బ్లూటూత్. ఇది బ్యాటరీని చాలా తక్కువగా వాడుకుంటుంది. పాత మౌసులు క్లాసిక్ రకానికి, ఇటీవలి మౌసులలో అధికభాగం లో ఎనర్జీ రకానికి చెందుతాయి. పరిష్కారంలో కొన్ని మెట్లు ఈ రకాన్ని బట్టి మారుతాయి.

లినక్సు కెర్నలుకు బ్లూటూత్ సౌకర్యాన్ని అందించే సాఫ్టువేరు పేరు బ్లూజెడ్. దీనిని క్వాల్‌కామ్ సంస్థలో పనిచేస్తున్న మాక్స్ క్రస్న్యాన్‌స్కీ రచించి, 2001లో విడుదల చేశాడు. అదే సంవత్సరం 2.4.6 సంచిక నుండి ఇది కెర్నలులో భాగమైనది. నేడు ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ వంటి పంపిణీలన్నీ దీనినే వాడుతున్నాయి.

తెలుగు ప్రాంతాలలో ద్వంద్వ బూట్

ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగు సిస్టములను ఉంచుకొని, యంత్రాన్ని ప్రారంభించిన ప్రతిసారీ వాటిలో ఒకదానిని ఎంచుకోవడాన్ని ద్వంద్వ బూట్ అంటారు. తెలుగువారిలో ఈ పద్ధతికి కొన్ని ప్రత్యేక కారణాలు కలవు. తెలుగు అచ్చుపనిలో పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము, దానితోపాటు యూనికోడ్‌కు చెందని అను ఖతులు దీర్ఘకాలంగా వాడుకలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వెలువడినది 2001లో. అయినప్పటికీ శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చే డీటీపీ కేంద్రాలు తమ పాత ఫైళ్ళ కోసం విండోస్‌ను అట్టిపెట్టుకోవలసి వస్తున్నది. యూనికోడ్ తెలుగుకు, ప్రోగ్రామింగుకు లినక్సును వాడదలచినవారు రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచుకుంటారు.

లినక్సును తెలుగులోకి తెచ్చే కృషి కూడ ఈ అలవాటుకు తోడ్పడింది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్సు పంపిణీని రూపొందించి, విద్యార్థులలో స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రచారం చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్సు కూడ తెలుగుతో సహా భారతీయ భాషలకు తోడ్పాటునిస్తుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు సాధారణంగా ముగిసింది. విండోస్ 11కు కావలసిన హార్డువేరు లేని పాత ల్యాప్‌టాపులు కలిగినవారికి అప్పటినుండి లినక్సు అవసరం మరింత పెరిగినది.

సమస్య లక్షణాలు

* ఒక సిస్టములో మౌసు పనిచేస్తుంది. రెండవ సిస్టములో జతపరచిన పరికరాల జాబితాలో దాని పేరు ఉన్నా అనుసంధానం కాదు.
* అనుసంధానమైనట్లు ఒక్క క్షణం కనబడి వెంటనే తెగిపోతుంది.
* పాత జతను తొలగించి కొత్తగా జతపరిస్తే పనిచేస్తుంది. కాని రెండవ సిస్టములోకి వెళ్ళగానే అక్కడ ఇదే సమస్య మొదలవుతుంది.

ఈ మూడవ లక్షణం ముఖ్యమైనది. ఇది కనబడితే సమస్య కీలకు సంబంధించినదని దాదాపుగా నిర్ధారించవచ్చును. ఏ సిస్టములోనూ మౌసు పనిచేయకపోతే కారణం వేరని గ్రహించవలెను.

కారణం

మౌసును కంప్యూటరుతో మొదటిసారి కలిపే ప్రక్రియను జతపరచడం అంటారు. ఈ సమయంలో రెండు పరికరాలూ కలిసి 128 బిట్ల రహస్య కీని ఏర్పరచుకొని, చెరొక ప్రతిని దాచుకుంటాయి. క్లాసిక్ బ్లూటూత్‌లో దీనిని లింక్ కీ అని, లో ఎనర్జీలో లాంగ్ టర్మ్ కీ అని అంటారు. తరువాత కలుసుకున్న ప్రతిసారీ ఈ కీ ఆధారంగానే అవి ఒకదానినొకటి గుర్తిస్తాయి. మాటలను గూఢలిపిలోకి మార్చుకునేది కూడ దీనితోనే.

ప్రతి బ్లూటూత్ అడాప్టరుకు 48 బిట్ల చిరునామా ఉంటుంది. ఇది హార్డువేరుకు చెందినది. అందువలన విండోస్ నడుస్తున్నా, లినక్సు నడుస్తున్నా ల్యాప్‌టాపు చిరునామా మారదు. మౌసు దృష్టిలో అది ఒకే కంప్యూటరు. ఒక కంప్యూటరుకు మౌసు ఒకే కీని గుర్తుంచుకుంటుంది.

ముందుగా విండోస్‌లో జతపరచినపుడు ఒక కీ ఏర్పడుతుంది. తరువాత లినక్సులో జతపరచినపుడు కొత్త కీ పుట్టి, మౌసులోని పాత కీ స్థానాన్ని ఆక్రమిస్తుంది. విండోస్ వద్ద మాత్రం పాత కీయే మిగిలిపోతుంది. ఒకే తలుపుకు తాళం మార్చి, కొత్త తాళపుచెవిని ఇంట్లో ఒక్కరికే ఇచ్చినట్లు అన్నమాట. రెండవవారు తమ పాత తాళపుచెవితో ఎన్నిసార్లు ప్రయత్నించినా తలుపు తెరుచుకోదు.

ప్రాథమిక పరిశీలన

కీల జోలికి వెళ్ళేముందు లినక్సులో బ్లూటూత్ సక్రమంగా నడుస్తున్నదో లేదో చూసుకోవడం మంచిది.

* ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే ఆదేశం రేడియోలు నిలుపుదలలో ఉన్నాయేమో తెలుపుతుంది. సాఫ్టువేరు ద్వారా నిలిపివేయబడి ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్ అనే ఆదేశంతో తొలగించవచ్చును. హార్డువేరు నిలుపుదల అయితే ల్యాప్‌టాపు మీది మీటను గాని, విమానం గుర్తు గల మీటను గాని నొక్కవలెను.
* సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ బ్లూటూత్ అనే ఆదేశంతో బ్లూటూత్ సేవ నడుస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది.
* డీమెసేజ్ ఆదేశం చూపే కెర్నలు సందేశాలలో ఫర్మువేరు దొరకలేదన్న హెచ్చరిక ఉంటే, పంపిణీలోని లినక్సు-ఫర్మువేరు ప్యాకేజీని తాజాపరచవలెను.
* బ్లూటూత్‌సీటీఎల్ అనే ఉపకరణంలో షో అని టైపు చేస్తే అడాప్టరు వివరాలు, డివైసెస్ అని టైపు చేస్తే తెలిసిన పరికరాల పేర్లు కనబడతాయి.

కొత్త మౌసును జతపరచడానికి ఇదే ఉపకరణంలో వరుసగా పవర్ ఆన్, స్కాన్ ఆన్ ఆదేశాలు ఇచ్చి, మౌసు చిరునామా కనబడిన తరువాత ఆ చిరునామాతో పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ ఆదేశాలు ఇవ్వవలెను. వీటిలో ట్రస్ట్ అనే మెట్టును చాలామంది వదిలివేస్తారు. అది లేకపోతే తరువాతి సారి మౌసు తనంతట తాను అనుసంధానం కాకపోవచ్చును.

పరిష్కార మార్గాలు

మౌసులోని వేరు వేరు చానళ్ళను వాడడం

కొన్ని మౌసులు రెండు లేక మూడు కంప్యూటర్లను గుర్తుంచుకోగలవు. మౌసు అడుగున గాని, పైన గాని ఉండే మీటతో చానలును మార్చుకోవచ్చును. లాజిటెక్ ఎమ్‌ఎక్స్ మాస్టర్ శ్రేణి ఇందుకు ఉదాహరణ. ఇటువంటి మౌసును ఒకటవ చానలులో విండోస్‌తోను, రెండవ చానలులో లినక్సుతోను జతపరిస్తే ఒక్కో చానలుకు ఒక్కో కీ విడిగా నిలుస్తుంది. సిస్టము మారినపుడు మీట నొక్కితే సరిపోతుంది. ఏ ఫైలునూ మార్చనక్కరలేదు కాబట్టి, ఈ సదుపాయం ఉన్నవారు ముందుగా ప్రయత్నించవలసినది ఇదే.

ఒకే కీని రెండు సిస్టములకూ ఇవ్వడం

మౌసుకు ఒకే చానలు ఉన్నపుడు, రెండు సిస్టముల వద్దా ఒకే కీ ఉండేటట్లు చేయవలెను. దీనికి పాటించవలసిన వరుస ముఖ్యమైనది.

1. ముందుగా లినక్సులో మౌసును జతపరచాలి. దీనివలన మౌసు వివరాలతో కూడిన ఫైలు లినక్సులో తయారవుతుంది.
2. తరువాత విండోస్‌లోకి వెళ్ళి అక్కడ జతపరచాలి. ఇప్పుడు మౌసులో ఉన్నది విండోస్ కీ.
3. విండోస్‌ను పూర్తిగా ఆపివేసి లినక్సును ప్రారంభించాలి. ఇక్కడ మళ్ళీ జతపరచరాదు. జతపరిస్తే కీ మరల మారిపోతుంది.
4. విండోస్ దాచుకున్న కీని చదివి, లినక్సు ఫైలులోని పాత కీ స్థానంలో వ్రాయాలి.

విండోస్ తన కీలను రిజిస్ట్రీలో దాస్తుంది. ఇవి సాధారణ అడ్మినిస్ట్రేటరుకు కూడ కనబడవు. లినక్సు నుండి చదవడం సులభం. విండోస్ విభాగాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేటట్లు మౌంట్ చేసి, విండోస్ సంచయంలోని సిస్టమ్32, అందులోని కాన్ఫిగ్ అనే సంచయంలో ఉన్న సిస్టమ్ అనే ఫైలును సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ అనే ఉపకరణంతో తెరవాలి. అందులో కంట్రోల్‌సెట్001, సర్వీసెస్, బీటీహెచ్‌పోర్ట్, పారామీటర్స్, కీస్ అనే వరుసలో లోపలికి వెళితే అడాప్టరు చిరునామా పేరుతో ఒక శాఖ ఉంటుంది. క్లాసిక్ మౌసు అయితే ఆ శాఖలో మౌసు చిరునామాకు ఎదురుగా 16 బైట్ల విలువ కనబడుతుంది. అదే లింక్ కీ.

లినక్సులో ఈ సమాచారం వార్, లిబ్, బ్లూటూత్ అనే సంచయాల వరుసలో, అడాప్టరు చిరునామా పేరు గల సంచయంలో, దానిలోపల మౌసు చిరునామా పేరు గల సంచయంలో, ఇన్ఫో అనే ఫైలులో ఉంటుంది. దీనిని చూడడానికి రూట్ అధికారం కావాలి. ముందుగా ఈ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకొని, బ్లూటూత్ సేవను ఆపి, లింక్‌కీ అనే విభాగంలో కీ అన్న చోట కొత్త విలువను ఖాళీలు లేకుండా పెద్ద అక్షరాలతో వ్రాయాలి. తరువాత సేవను మరల ప్రారంభించి మౌసును కదిలిస్తే అనుసంధానమవుతుంది.

లో ఎనర్జీ మౌసుల విషయం

లో ఎనర్జీ మౌసుకు విండోస్ రిజిస్ట్రీలో ఒక్క విలువ కాక, మౌసు చిరునామా పేరుతో ప్రత్యేక శాఖయే ఉంటుంది. అందులోని విలువలను లినక్సు ఇన్ఫో ఫైలులో ఈ క్రింది విధంగా వ్రాయవలెను.

* ఎల్‌టీకే: లాంగ్‌టర్మ్‌కీ విభాగంలో కీ అన్న చోట, ఖాళీలు తీసివేసి వ్రాయాలి.
* ఈడీఐవీ: అదే విభాగంలో ఈడివ్ అన్న చోట. విండోస్‌లో 16 ఆధారంగా గల సంఖ్యగా ఉన్నదానిని దశాంశ సంఖ్యగా మార్చి వ్రాయాలి.
* ఈర్యాండ్: అదే విభాగంలో ర్యాండ్ అన్న చోట. ఇదికూడ దశాంశ సంఖ్యగానే ఉండాలి. విలువ విడివిడి బైట్లుగా కనబడితే వాటి వరుసను వెనుక నుండి ముందుకు త్రిప్పి, ఆ తరువాత మార్చాలి.

2014లో వచ్చిన 4.2 ప్రమాణంలోని సెక్యూర్ కనెక్షన్స్ పద్ధతిలో జతపడిన మౌసులకు చివరి రెండు విలువలూ సున్నాగా ఉంటాయి. అటువంటపుడు లాంగ్ టర్మ్ కీని మార్చితే చాలును. ఇన్ఫో ఫైలులో పెరిఫరల్‌లాంగ్‌టర్మ్‌కీ అనే మరో విభాగం కూడ ఉండి, అందులోనూ పాత కీయే ఉన్నట్లయితే రెండు చోట్లా మార్చవలెను.

మౌసు చిరునామా మారడం

పై మెట్లన్నీ పాటించినా కొందరికి ఫలితం కనబడదు. కొన్ని లో ఎనర్జీ మౌసులు జతపరచిన ప్రతిసారీ తమ చిరునామాను కొద్దిగా మార్చుకోవడం ఇందుకు కారణం. తరచుగా చివరి అంకెలలో స్వల్ప తేడా ఉంటుంది. అప్పుడు విండోస్ రిజిస్ట్రీలోని మౌసు చిరునామా, లినక్సులోని సంచయం పేరు ఒకటిగా ఉండవు. బ్లూటూత్ సేవను ఆపి, లినక్సులోని సంచయం పేరును విండోస్‌లో ఉన్న చిరునామాకు మార్చి, సేవను తిరిగి ప్రారంభించవలెను. కీ సరిగా ఉన్నా మౌసు పనిచేయనపుడు ముందుగా పరిశీలించవలసినది ఈ తేడానే.

అదనపు అడాప్టరు, రిసీవరు

ఫైళ్ళను మార్చడం ఇష్టం లేనివారు యూఎస్‌బీ బ్లూటూత్ అడాప్టరును కొని ఒక సిస్టములో దానినే వాడవచ్చును. అడాప్టరు మారితే చిరునామా మారుతుంది కాబట్టి మౌసుకు అది వేరే కంప్యూటరుగా కనబడుతుంది. అయితే ఒకటికి మించి కంప్యూటర్లను గుర్తుంచుకోలేని మౌసుకు ఈ ఉపాయం పనికిరాదు.

సొంత యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే మౌసులలో అసలీ సమస్యే రాదు. అక్కడ మౌసుకు, రిసీవరుకు మధ్య గల బంధం ఆ రెండింటిలోనే నిలిచి ఉంటుంది. ఆపరేటింగు సిస్టముకు ఆ కీతో పనిలేదు. లాజిటెక్ రిసీవర్లను లినక్సులో నిర్వహించుకోవడానికి సోలార్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు కలదు.

కీలతో సంబంధం లేని లోపాలు

మౌసు అనుసంధానమై కూడ తడబడుతుంటే, లేదా కొద్దిసేపటికి తెగిపోతుంటే ఈ క్రింది కారణాలను చూడవలెను.

* విండోస్ వేగ ప్రారంభం: విండోస్ 8తో 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వలన షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నలు స్థితిని డిస్కులో దాచి నిద్రావస్థలోకి వెళుతుంది. దీనివలన కొన్ని ల్యాప్‌టాపులలో బ్లూటూత్ అడాప్టరు లినక్సుకు సరిగా అందదు. ద్వంద్వ బూట్ వాడేవారు దీనిని నిలిపివేయడం మేలు.
* యూఎస్‌బీ పొదుపు: విద్యుత్తును ఆదా చేయడానికి లినక్సు బ్లూటూత్ అడాప్టరును నిద్రపుచ్చుతుంది. మౌసు కదలిక ఆలస్యమవుతుంటే బీటీయూఎస్‌బీ అనే మాడ్యూలుకు ఎనేబుల్ ఆటోసస్పెండ్ విలువను సున్నాగా ఇచ్చి పరీక్షించవచ్చును.
* రేడియో అడ్డంకులు: యూఎస్‌బీ 3.0 పరికరాలు, తీగలు 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో రేడియో రొదను పుట్టిస్తాయని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో వివరించింది. బయటి హార్డు డిస్కు మౌసుకు దగ్గరగా ఉన్నపుడే సమస్య వస్తుంటే దానిని దూరంగా జరిపి చూడవలెను. అదే శ్రేణిలో నడిచే వైఫై వలన కూడ ఇబ్బంది కలుగవచ్చును. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకుంటే ఇది తగ్గుతుంది.
* బ్యాటరీ: క్షీణించిన బ్యాటరీ వలన కూడ అనుసంధానం తరచుగా తెగుతుంది.

జాగ్రత్తలు, భద్రత

కీని నకలు చేయడంలో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది సమాచార నష్టం. నిద్రావస్థలో ఉన్న విండోస్ విభాగంలోనికి లినక్సు నుండి వ్రాస్తే ఫైళ్ళు పాడుకావచ్చును. రిజిస్ట్రీ ఫైలు దెబ్బతింటే విండోస్ అసలు ప్రారంభమే కాకపోవచ్చును. అందువలననే విండోస్ నుండి కీని చదివి లినక్సులో వ్రాయడమే గాని, లినక్సు కీని విండోస్‌లోకి చేర్చబూనడం క్షేమకరం కాదు. విండోస్ విభాగం బిట్‌లాకర్ రక్షణలో ఉంటే దానిని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావలసి ఉంటుంది. దానిని ముందుగానే వేరొకచోట వ్రాసి ఉంచుకోవలెను.

రెండవది గోప్యత. లింక్ కీ సంకేతపదం వంటిది. సహాయం కోరుతూ ఇన్ఫో ఫైలును యథాతథంగా ఇతరులకు పంపడం, తెర చిత్రంలో కీని బయటపెట్టడం మంచిది కాదు. మౌసు విషయంలో నష్టం కొద్దిగానే ఉండవచ్చును. కాని ఇదే పద్ధతిని కీబోర్డుకు వాడినపుడు, ఆ కీ తెలిసినవారు సమీపంలో ఉంటే టైపు చేసే సంకేతపదాలన్నీ ప్రమాదంలో పడతాయి. పొరపాటున కీ బయటపడితే జతను తొలగించి కొత్తగా జతపరచవలెను. దానితో పాత కీ చెల్లదు.

ఇటువంటి ప్రమాదాలు ఊహాజనితాలు కావు. 2016లో వెలుగుచూసిన మౌస్‌జాక్ అనే లోపం వలన, బ్లూటూత్ కాని కొన్ని రిసీవర్ల ద్వారా కొంత దూరం నుండి కంప్యూటరులోకి మీటల నొక్కులను పంపడం సాధ్యమైనది. 2023 డిసెంబరులో వెల్లడైన మరొక లోపం బ్లూజెడ్‌తోపాటు ఇతర సిస్టములలోనూ, జతపరచని పరికరం కీబోర్డుగా నటించడానికి వీలు కల్పించింది. దీనిని సరిదిద్దడానికి బ్లూజెడ్‌లో క్లాసిక్‌బాండెడ్‌ఓన్లీ అనే నియమం అప్రమేయంగా అమలులోకి తేబడింది. దీని ప్రకారం కీతో బంధం ఏర్పరచుకోని క్లాసిక్ మౌసులు, కీబోర్డులు అనుసంధానం కావు. ఆ తరువాత కొన్ని పాత మౌసులు పనిచేయడం మానివేశాయి. వాటికోసం ఈ నియమాన్ని తొలగించమనే సలహాలు తరచుగా వినబడుతుంటాయి. అలా చేస్తే లోపం తిరిగి తెరుచుకుంటుంది. మౌసు జతను తొలగించి, మరల పూర్తిగా జతపరచి చూడడమే సరైన మార్గం.

ఇవి కూడా చూడండి

* బ్లూటూత్
* లినక్సు
* ఆపరేటింగు సిస్టము
* మౌసు
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* యూనికోడ్